అక్షరం పొల్లుపోకుండా

అనసూర్య చేతిలో పడ్డ పేరు అక్షరం పొల్లుపోదని బెల్లంపల్లి బజారులో ఒకప్పుడు మాట ఉండేది. ఆ మాట ఊరికే రాలేదు, తిట్లు తిని సంపాదించుకుంది. డిగ్రీ మధ్యలో ఆపేసి పెళ్లి పత్రికలు టైపు చేసే కొట్లో పనికి కుదిరిన మొదటి నెలలోనే వినోద్‌కుమార్ అనే పెళ్లికొడుకు పేరును, ద కింద క వత్తు వేలాడేసి, వినోద్కుమార్ అని కొట్టింది. మూడు వందల కార్డులు అచ్చయిపోయాయి. పెళ్లికొడుకు మేనమామ ఆ కట్ట తెచ్చి ఆమె ముందు బల్ల మీద పడేసి, "మా పోరని పేరుకు తోకవెట్టినవేంది పిల్లా?" అని బజారంతా వినేటట్టు అరిచాడు.

తెలుగు టైపులో ఈ తిరకాసు ఉంది. పొల్లు అక్షరం పక్కన ఇంకో హల్లు కొడితే యంత్రం ఆ రెండోదాన్ని వత్తు చేసి మొదటిదాని కాళ్ల కింద పడేస్తుంది. వినోద్ వేరు, కుమార్ వేరు అని దానికి చెప్పాలంటే రెంటి నడుమ కనబడని అక్షరం ఒకటి కొట్టాలి. అది కాగితం మీద కనబడదు, తెర మీదా కనబడదు. యంత్రం లెక్కలో మాత్రం అదీ ఒక అక్షరమే. మేనమామ అరిచి పోయిన రోజు నుంచి అనసూర్య దాన్ని ఒక్కసారి కూడా మరవలేదు. తర్వాత పదేళ్లు పెళ్లి పత్రికలు వేలకు వేలు కొట్టింది గానీ తన పేరు మీద ఒక్కటీ కొట్టుకోలేదు. అడిగినవాళ్లకు, "తప్పులు దిద్దుకుంట కూసున్న, తీరిక దొరకలే" అనేది.

ఆమె తండ్రి దశరథం బాయిలో పనిచేసేవాడు. బొగ్గుగనిని అక్కడ బాయి అనే అంటారు. బాయిలో దిగేవాడికి ఒక నంబరు ఉంటుంది, ఆ నంబరు చెక్కిన ఇత్తడి బిళ్ల ఉంటుంది. దిగేటప్పుడు బిళ్ల ఇచ్చి దీపం తీసుకుంటాడు, ఎక్కినాక దీపం ఇచ్చి బిళ్ల తీసుకుంటాడు. అనసూర్యకు పదకొండేళ్లప్పుడు ఒక పగటిపూట బాయిలో పైకప్పు కూలింది. ఆడవాళ్లూ పిల్లలూ గేటు దగ్గరికి ఉరికారు. తీసుకోని బిళ్లల నంబర్లు ఒక కాగితం మీద రాసి, బాయి పని చూసే సర్దారు పరశురాములు చేతికిచ్చి చదవమన్నారు. నాలుగు వందల ముప్పై తొమ్మిది అని ఆయన చదివినప్పుడు అనసూర్య తల్లి నిలబడ్డచోటే కూలబడిపోయింది. దశరథం అన్న మాట ఆ రోజు గేటు దగ్గర ఎవరి నోటా రాలేదు. అనసూర్యకు నేటికీ మింగుడుపడనిది అదే.

బాయిలు ఒకటీ అరా తప్ప ఒక్కొక్కటీ మూతబడి, పెళ్లిళ్లు చేసుకునే వయసువాళ్లంతా ఊరు విడిచాక పత్రికల కొట్టుకూ తాళం పడింది. అనసూర్య కరీంనగర్ చేరి, తనకంటే పదిహేనేళ్లు చిన్నవాళ్ల పక్కన కూర్చుని ప్రోగ్రాములు రాయడం నేర్చుకుంది. ఇప్పుడు ఆరుగురు మనుషులున్న చిన్న కంపెనీలో పని. పరశురాములు రిటైరై, యూనియన్ లైబ్రరీ గదిలో రక్తదాతల సంఘం నడుపుతున్నాడు. తండ్రి స్నేహితుడు కాబట్టి ఆమెకు పెద్దబాపు. ఎనిమిదేళ్ల కింద ఆయన ఫోన్ చేసి, మమతారాణి అనే ఆమె బిడ్డకు తలసేమియా, నెలకోసారి రక్తం ఎక్కించకపోతే బతకదు, గ్రూపు ఓ నెగిటివ్, దాతలను వెతకలేక సస్తున్నం అని చెప్పాడు. ఆ పిల్ల నవీనకు అప్పుడు మూడేళ్లు.

అనసూర్య లైబ్రరీలోని పాత కంప్యూటర్‌నే సర్వర్‌గా మార్చి అందులో వికీ అనే పేజీల పుస్తకం లాంటిది పెట్టింది. ఒక్కో దాతకు ఒక్కో పేజీ. ఎవరి గ్రూపు ఏది, ఎప్పుడిచ్చారు, మళ్లీ ఇచ్చేందుకు మూడు నెలలు నిండాయా అని చూసి, తగినవాళ్లకు దానంతట అదే కబురు పంపే ప్లగిన్ అనే చిన్న ప్రోగ్రాము ఒకటి తానే రాసింది. దాతల ఫోన్ నంబర్లు బయట ఎవరికీ కనబడవు. అడిగేవాళ్లు వికీనే అడగాలి. ఆరు వందల పన్నెండు పేర్లూ తన చేత్తోనే కొట్టింది. ఏ ప్రోగ్రామరయినా మనిషికో నంబరిచ్చి, వివరాలన్నీ ఆ నంబరుకు ముడివేస్తాడు. అనసూర్య కూడా అదే చేయబోయింది.

"నంబర్లొద్దు బిడ్డా," అన్నాడు పరశురాములు. "బాయిల ముప్పై ఆరేండ్లు నంబర్ల తోటే బతికినం. గిక్కడన్న మనిషి పేరు తోటి ఉండనీయి."

ఆమె వాదించలేదు. ఆయన అడగకపోయినా ఆఖరి నిమిషంలో ఆమె చేయి నంబరు మీదికి పోయేది కాదేమో. వివరాలన్నీ పేరుకే ముడివేసింది. ఒకే పేరున్నవాళ్లకు ఇంటిపేరు కలిపింది. ఎనిమిదేళ్లు ఏ ఇబ్బందీ రాలేదు. నవీనకు ఒక అలవాటు ఉండేది. ప్రతిసారీ రక్తం ఎక్కుతుంటే, "ఇయ్యాల ఎవలది?" అని అడిగి, సీసా అయిపోయేదాకా ఆ పేరును లోపల్లోపల అనుకునేది.

పోయిన వేసవిలో వికీ తయారుచేసే విదేశీ కంపెనీ, సొంత సర్వర్లలో నడుపుకునే రకం ఇక ఆపేస్తున్నాం, అందరూ ఫలానా తేదీలోగా క్లౌడ్‌కు మారండి అని చెప్పింది. సరిగ్గా అదే నెలలో లైబ్రరీ ఉన్న పాత క్వార్టర్లను కూలగొడుతున్నారని కాగితం అంటించారు. అనసూర్య పోయి పరశురాములుకు నచ్చజెప్పింది.

"క్లౌడ్ అంటే మబ్బే కదనే?" అన్నాడాయన. "పొద్దు పొడవక ముందు మబ్బుల లేచి మబ్బుల బాయి దిగినోళ్లం. ఆఖరికి మా పేర్లు గూడ మబ్బులనే పెడుతున్నవ్."

"ఆ మబ్బు వేరు, ఈ మబ్బు వేరు పెద్దబాపు. ఈడ కరెంటు పోయినా అది ఆగది."

"వానొస్తే కారిపోదు గద?"

ఆయన నవ్వాడు, ఆమె కూడా నవ్వింది. క్లౌడ్ మార్పిడి మాత్రం నవ్వులాట కాదు. పాత పద్ధతిలో ప్లగిన్ వికీ ఇంట్లోనే కాపురముండేది. క్లౌడ్‌లో దాన్ని లోపలికి రానివ్వరు. వేరు కాపురం పెట్టుకుని, కావలసినప్పుడల్లా వికీని అడిగి తెచ్చుకోవాలి. అనసూర్య ఆఫీసు పని అయ్యాక మిగిలిన పొద్దంతా పెట్టి, నాలుగు నెలల్లో ప్లగిన్‌ను మళ్లీ మొదటి నుంచి రాసింది. ఒక ఆదివారం పొద్దున లైబ్రరీలో కూర్చుని పేజీలన్నీ క్లౌడ్‌లోకి పంపింది. ఆరు వందల పన్నెండు పోవాలి, ఆరు వందల పన్నెండూ పోయాయి. పరీక్షగా తనకు చిన్నప్పటి నుంచి తెలిసిన పేర్లు కొట్టి చూసింది. పరశురాములు వచ్చాడు. కొమురెల్లి, మొండయ్య, హనుమండ్లు, అందరూ గ్రూపులతో సహా వచ్చారు. తృప్తిగా లేచి, పాత కంప్యూటర్‌ను లోపల ఒక్క పేజీ మిగలకుండా తుడిచేసి పాత ఇనుము కొనే బండి మీదికి తనే ఎత్తించింది. "ఇంక దీంతోటి పని లేదు," అంది. అంత ధీమా ఆమెకు ఎక్కడి నుంచి వచ్చిందో!

సోమవారం పొద్దున తొమ్మిదిన్నరకు ఆమె ఆఫీసులో ఉండగా మంచిర్యాల ఆసుపత్రి నుంచి మమతారాణి ఫోన్ చేసింది.

"అక్కా, పిల్లకు మూడొద్దుల సంది జరం. రక్తం నాలుగుకు పడిపోయింది. ఎగపోస్తుంది. సాయంత్రం లోపల ఎక్కియ్యకుంటే గుండె ఆగుతదంటుండు డాక్టరు సారు. బ్లడ్ బ్యాంకుల మన గ్రూపు లేదట. వికీల అడిగితే ఇచ్చెటోళ్లు ఎవలు లేరని వస్తుంది."

"లేరని ఎందుకొస్తది? నువ్వు పరేషాన్ గాకు. నేను చూస్త."

అనసూర్య చూసింది. ఓ నెగిటివ్ కింద ఎనిమిది పేర్లు ఉన్నాయి. ఏడుగురు అరవై అయిదు దాటిన ముసలివాళ్లు. ఇచ్చినవాళ్ల పేర్లు తీసెయ్యొద్దని పరశురాములు పట్టుబడితే ఉంచిన పేర్లవి. ఎనిమిదోవాడు భానుప్రసాద్, ఇరవై ఆరు రోజుల కిందట నవీనకే ఇచ్చాడు. వయసు పిల్లలు ఇంకా ఉండాలే అని ఒక్క క్షణం అనిపించింది. కానీ బెల్లంపల్లి నుంచి ఎవరో ఒకరు పోతూనే ఉంటారు. ఊరు విడిచాక దాతల్లోంచి తమ పేరు తీసెయ్యమనేవాళ్లూ ఉంటారు. ఖాళీ అవుతున్న ఊరి పేర్లు కూడా ఖాళీ అవుతున్నాయనుకుందే గానీ తన పనిలో తప్పుందని అనుకోలేదు. ఏమీ తోచక, వయసు చూడకుండా ఆ ఎనిమిది మందికీ కబురు వెళ్లే మీట నొక్కింది.

కరీంనగర్‌లో రెండు బ్లడ్ బ్యాంకులు తిరిగింది, పెద్దపల్లికి ఫోన్ చేసింది. ఒకచోట ఒక సీసా ఉంది, అది ఆపరేషన్ బల్ల మీదున్న మనిషికి. ఇక నిలవలేక మంచిర్యాల బస్సెక్కింది. దారిపొడుగునా తెలిసినవాళ్లకూ తెలియనివాళ్లకూ ఫోన్లు చేస్తూనే ఉంది. మమతారాణి మళ్లీ మళ్లీ ఫోన్ చేసి, "దొరికిందా అక్కా?" అని మాత్రమే అడిగేది. నాలుగోసారి మోగినప్పుడు అనసూర్య ఎత్తలేకపోయింది.

ఒంటిగంటకు ఆసుపత్రి వసారాలో అడుగుపెట్టేసరికి బ్లడ్ బ్యాంకు తలుపు ముందు ముసలివాళ్లు వరసగా నిలబడి ఉన్నారు. ఏడుగురు. కబురందగానే ఆటో మాట్లాడుకుని వచ్చేశారు. అందరి చొక్కా చేతులూ మోచేతి పైకి మడిచి ఉన్నాయి. లోపలి నుంచి వచ్చిన టెక్నీషియన్ అమ్మాయి, "అరవై అయిదు దాటినోళ్ల దగ్గర తీసుకోరు పెద్దయ్యా" అని ఎన్నోసారో చెప్తోంది. మొండయ్య తన వయసు అరవై నాలుగేనని మొండికేశాడు. ఆధార్ కార్డు చూపమంటే నేల చూపులు చూశాడు.

"ముప్పై రెండు సార్లు ఇచ్చిన బిడ్డా," అన్నాడు కొమురెల్లి. ఆయనకు అరవై తొమ్మిది. "గిప్పుడు నా రక్తం పులిసిపోయిందా?"

వాళ్లను చూసి, రక్తం దొరికిందనుకుని మమతారాణి లోపలి నుంచి పరుగున వచ్చింది. ఒక్కొక్కరి ముందూ చేతులు జోడించింది. ఒక్కొక్కరూ మడిచిన చొక్కా చేతులు కిందికి దించుకోవడంతో ఆమెకు విషయం అర్థమై, గోడకు ఆనుకుని కింద కూర్చుంది. పిల్ల పెదవులు తెల్లబడుతున్నాయని, కళ్లు తెరవడం లేదని ఎవరికో చెప్తున్నట్టు చెప్పింది. అనసూర్య పాపం ఏమీ దాచుకోలేక ఏడ్చింది. ఆ పిల్ల కోసం రాసిందే ఆ ప్లగిన్. ఎనిమిదేళ్లలో ఒక్కనాడూ పిల్లకు రక్తం తక్కువ కానివ్వలేదని లోపల గర్వం ఉండేది.

అప్పుడు కొమురెల్లి ఫోన్ చేతిలో తిప్పుతూ అన్నాడు. "ముసలోనికి నాకు మెసేజ్ వచ్చింది గని మా రాజ్‌కుమార్‌కు ఎందుకు రాలే బిడ్డా? వానిది గూడ గీ గ్రూపే. పోయిన కార్తీకంల గీ పిల్లకే ఇచ్చిండు."

అనసూర్య ఏడుపు ఆగిపోయింది. బెంచీ మీద లాప్‌టాప్ తెరిచి రాజ్‌కుమార్ పేజీ తీసింది. పేజీ ఉంది. కింద గ్రూపు లేదు, ఫోన్ లేదు, తేదీ లేదు. పేజీ మీది పేరును, ప్లగిన్ దాచుకున్న పేరును పక్కపక్కన పెట్టి ఎన్ని గుర్తులున్నాయో లెక్కపెట్టమంది. ఒకచోట పదకొండు, ఇంకోచోట పది.

ఆ తక్కువైన ఒక్కటీ ఏమిటో ఆమెకు వెతకాల్సిన పని లేకపోయింది. పేజీలు క్లౌడ్‌కు పోతున్నప్పుడు ఆ యంత్రం శీర్షికల్లో కనబడని అక్షరాన్ని చెత్త అనుకుని ఊడ్చేసింది. ప్లగిన్ తన దగ్గరి పేరును అక్షరం పొల్లుపోకుండా దాచుకుంది. అందుకే ఆ రెండు పేర్లూ ఒకదాన్నొకటి గుర్తుపట్టలేదు. కొమురెల్లిలో నడిమి పొల్లు లేదు, మొండయ్యలో లేదు, పరశురాములులో లేదు. కొడుకులకు ఆ కాలపు మోజుకొద్దీ పెట్టుకున్న పేర్లలోనే ఉంది. రాజ్‌కుమార్, ప్రేమ్‌సాగర్, సంతోష్‌కుమార్. తాను తండ్రుల పేర్లతో పరీక్ష చేసి సంబరపడింది, ఆ పేర్ల కొడుకులంతా చెప్పా పెట్టకుండా మాయమైపోయారు. నంబరుకు ముడివేసి ఉంటే ఇది జరిగేదే కాదు. ఇరవై ఏళ్లుగా తాను గొప్ప అనుకున్న పనే ఆ పిల్ల ప్రాణం మీదికి వచ్చింది.

దాచిన వివరాల్లోంచి ఫోన్ నంబర్లు తీసింది. ప్రేమ్‌సాగర్ ఎత్తాడు. భైంసాలో పత్తి మిల్లులో ఉన్నాడట. "గిప్పుడే ఎల్తున్న అక్కా," అన్నాడు. ఎంత తొందరగా వచ్చినా నాలుగు గంటలు. సంతోష్‌కుమార్ ఫోన్ మోగి మోగి ఆగింది. రాజ్‌కుమార్ ఫోన్ అసలు మోగలేదు.

"ఫస్ట్ షిఫ్టు వాడు," అన్నాడు కొమురెల్లి. "బాయిల ఉన్నడు. మూడు దాటినంకనే ఎక్కుతడు."

ఎక్కి, స్నానం చేసి, ఫోన్ చూసుకుని, వచ్చి, రక్తం తీసి, పరీక్షలయి, ఎక్కించేసరికి ఎంతవుతుందో డాక్టరు గడియారం చూసి చెప్పాడు. పిల్ల అంతసేపు ఆగలేదని కూడా చెప్పాడు. పరశురాములు అప్పుడే వచ్చి జరిగిందంతా విన్నాడు. వెంటనే బాయి ఆఫీసుకు ఫోన్ కలిపాడు.

"ఏ రాజ్‌కుమార్?" అని అవతలి మనిషి అడిగాడు. "ఈ షిఫ్టుల అయిదుగురున్నరు. నంబరు చెప్పుర్రి, పైకి పిలిపిస్తం."

కొమురెల్లికి కొడుకు నంబరు తెలియదు. తన నంబరు నిద్రలో లేపినా చెప్తాడు, కొడుకుది ఎన్నడూ అడగలేదు. కోడలు ఉమారాణికి ఫోన్ చేశాడు. "బిడ్డా, రాజ్‌కుమార్ బిళ్ల నంబరెంత?"

"రెండు వేల అరవై ఆరు," అంది ఆమె ఊపిరి తిప్పుకోకుండా. ఆ వెంటనే ఫోన్లోంచి వచ్చిన కేక వసారా అంతా వినబడింది. "నంబరెందుకు మామా? బాయిల ఏమైంది? ఆయనకేమైంది? చెప్పు మామా!"

"ఏం గాలే బిడ్డా! మంచిగున్నడు! రక్తమియ్యాలె, గంతే, రక్తం!" అని కొమురెల్లి అరుస్తూనే ఉన్నాడు. ఆమెకు వినబడటం లేదు. అక్కడున్న ఏడుగురు ముసలివాళ్లకూ ఆ కేక ఏమిటో తెలుసు. అనసూర్యకు ఇంకా బాగా తెలుసు.

పరశురాములు ఫోన్ నోటి దగ్గర పెట్టుకున్నాడు. "రెండు వేల అరవై ఆరు" అని చదివాడు. ముప్పై ఏళ్ల కింద గేటు దగ్గర చదివాక అట్లా నలుగురి ముందు ఆయన నంబరు చదవడం మళ్లీ అదే.

మూడింటికి పది నిమిషాలుండగా రాజ్‌కుమార్ ఎవరిదో బండి వెనక కూర్చుని వచ్చాడు. మొహం నిండా బొగ్గు, కాళ్లకు బాయి బూట్లు. టెక్నీషియన్ అమ్మాయి సబ్బుతో అతని మోచేయి మడత వరకు కడిగింది. నల్లటి ఒంటి మీద ఆ ఒక్క జానెడు మేరే మనిషి రంగు బయటపడింది. నాలుగూ పదికి సీసా నవీన మంచం పక్కన వేలాడింది. ఆరింటికి ఆ పిల్ల కళ్లు తెరిచి, "ఇయ్యాల ఎవలది?" అంది. మమతారాణి పేరు చెప్పింది. పిల్ల పెదవులు రెండు మూడుసార్లు కదిలాయి.

బయట బెంచీ మీద అనసూర్య లాప్‌టాప్ ముందు కూర్చుంది. ఇట్లా మాయమైన పేర్లు అరవై మూడు తేలాయి. వాటిని ఒక్కోటీ దిద్దబోయి మధ్యలో ఆగిపోయింది. పరశురాములు వచ్చి పక్కన కూర్చున్నాడు.

"పేర్ల తోటి నడువది పెద్దబాపు," అంది ఆయన మొహం చూడకుండా. "మళ్ల ఎక్కడో ఒక అక్షరం పోతది. అందరికి నంబర్లియ్యాలె."

ఆయన లాప్‌టాప్ తెర వైపు జరిగి కూర్చున్నాడు. తర్వాత, "ఇయ్యి బిడ్డా," అన్నాడు. "పేర్లు పోతే పోనీయి. పిల్ల పోవద్దు."

ఆమె ఒకటి నుంచి మొదలుపెట్టి ఒక్కో పేరు పక్కనా నంబరు కొట్టుకుంటూ పోయింది. యంత్రంతో ఒక్క క్షణంలో వేయించవచ్చు, కానీ ఆ రోజు ఆమెకు యంత్రం మీద నమ్మకం లేదు. ఆయన పక్కనే కూర్చుని ఒక్కో పేరు చదివి వినిపించాడు. వసారాలో దీపాలు వెలిగాక, గేటు దగ్గర తాను చదివిన నంబరు దగ్గరికి వచ్చేసరికి ఆయన ఆగాడు.

"నాలుగు వందల ముప్పై తొమ్మిది ఎవలకు ఇయ్యకు," అన్నాడు.

అనసూర్య తల ఊపింది. నాలుగు వందల ముప్పై ఎనిమిది తర్వాతి పేరుకు నాలుగు వందల నలభై కొట్టింది.